తిక్కన భారతమున స్వచ్ఛంద మరణము

‘ఇచ్ఛామరణము’ అను మాట మన పురాణ వాఙ్మయమున చిరకాలము భీష్మునికే చెల్లిన మాట. ఇటీవలి దశాబ్దములలో అది న్యాయస్థానములకును, వైద్యశాలలకును, పత్రికలకును సంక్రమించినది. 2011లో అరుణా శాన్‌బాగ్ వ్యాజ్యమునందును, 2018లో కామన్ కాజ్ అను సంస్థ నడపిన వ్యాజ్యమునందును సర్వోన్నత న్యాయస్థానము తీర్పులు వెలువరించిన పిమ్మట, తెలుగున జరిగిన చర్చలలో భీష్ముని పేరు వినబడుట పరిపాటి అయినది. మానలేని వ్యాధితో బాధపడువానికి మరణమును కోరుకొను అధికారము ఉండవలెనని వాదించువారు భీష్ముని దృష్టాంతముగా చూపుదురు. ప్రాణత్యాగము మహాపాతకమని వాదించువారు భీష్మునిది వరప్రభావము గనుక అది లోకమునకు ఆదర్శము కాదని త్రోసివేయుదురు. ఉభయులును భీష్ముని పేరు పట్టిరే కాని భీష్ముని కథను పట్టించుకొనలేదు.

ఆ కథను తెలుగునకు తెచ్చినవాడు విక్రమసింహపురి కవి తిక్కన సోమయాజి. భారతము నందలి మరణములలో అధిక భాగము ఆయన భాగముననే ఉన్నవి. విరాటపర్వము మొదలు స్వర్గారోహణ పర్వము వరకు గల పదునైదు పర్వములలో యుద్ధమున చచ్చినవారిని అటుంచినను, తమ అంత్యమును తామే నిర్ణయించుకొన్నవారు, నిర్ణయించుకొన నెంచి మానినవారు, నిర్ణయించుకొన్న పిదప పరుల చేత చంపబడినవారు అనేకులు కలరు. కథాంశములు వ్యాసునివే. వాటిని పదమూడవ శతాబ్దిలో తెలుగు శ్రోతల ముందు నిలిపిన బాధ్యత తిక్కనది. భగవద్గీతను మిక్కిలి సంగ్రహించిన కవి, శాంతి పర్వమును తన ప్రయోజనమునకు తగినట్లు కుదించిన కవి, ఈ మరణ ఘట్టములను విడువక చెప్పెను. కావున వాటియందు ఏదో ఒక విచారణ క్రమము కలదా అని పరిశీలించుట నిష్ప్రయోజనము కాదు.

ముందుగా ఒక విషయము గమనింపదగినది. తిక్కన తన తొలి కావ్యమగు నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికి అంకితము చేసెను. అందు శ్రీరామ నిర్యాణము లేదు. ఆ భాగమును తరువాతి కాలమున జయంతి రామభట్టు పూరించెను. నరాంకితమైన కృతిని నాయకుని మరణముతో ముగించుట అమంగళమని తిక్కన భావించెనని విమర్శకులు సాధారణముగా చెప్పుదురు. కారణము అదియే కావచ్చును. కాని రాముడు సరయువున ప్రవేశించుట సామాన్య మరణము కాదు. కాలపురుషుని రాకయు, లక్ష్మణ పరిత్యాగమును గడచిన తరువాత రాముడు తాను ఎన్నుకొన్న నిష్క్రమణము. భారతము నాటికి తిక్కన కృతిపతిని మార్చెను. హరిహరనాథునికి అంకితమైన గ్రంథమున మౌసలమును, మహాప్రస్థానమును చెప్పుటకు ఆయన జంకలేదు. తొలి కృతిలో దాటవేసిన విషయమునే మలి కృతిలో అనేక రూపములలో ఎదుర్కొనెను. ఈ రెంటి నడుమ దూరమే మన పరిశీలనకు ఆరంభ స్థానము.

పరిభాషను గూర్చి ఒక మాట. నేటి చట్ట భాషలో రోగి ప్రాణమును మందు ఇచ్చి తీయుట ఒకటి, ప్రాణమును నిలుపుచున్న కృత్రిమ సాధనములను ఉపసంహరించుట వేరొకటి. మొదటిది మన దేశమున నేరము. రెండవది 2011 తీర్పుతో కొన్ని నిబంధనలకు లోబడి అంగీకరింపబడినది. స్వస్థచిత్తుడైనవాడు అట్టి చికిత్స తనకు వలదని ముందుగనే వ్రాసి ఉంచవచ్చునని 2018 తీర్పు చెప్పినది. ఆ విధానమును 2023లో సులభతరము చేసిరి. భారతమున ఈ శబ్దములు లేవు. ప్రాయోపవేశము, యోగమున దేహత్యాగము, మహాప్రస్థానము అను మాటలు కలవు. వీటిని ఆధునిక శబ్దములకు పర్యాయములుగా గ్రహించుట పొరపాటు. పోల్చవలసినది శబ్దములను కాదు, సన్నివేశములందలి ధర్మసందేహములను.

భీష్ముని వృత్తాంతమున మొదటి అంశము వర స్వరూపము. తండ్రి యగు శంతనుడు ఇచ్చినది తాను కోరిననాడే మరణము ప్రాప్తించు వరము. దానిని భీష్ముడు ఎట్లు వినియోగించుకొనెను? పదవనాటి యుద్ధమున నేలకొరిగినప్పుడు దేహమంతయు శరములతో నిండియున్నది. మరణమును పిలిచినచో వేదన తీరెడిది. అతడు పిలువలేదు. దక్షిణాయనము గడచువరకు నిలుతునని, గంగ పంపగా హంసరూపమున వచ్చిన మహర్షులకు చెప్పెను. మూలమున ఆనుశాసనిక పర్వమున అంపశయ్యపై తాను గడపిన రాత్రులు ఏబదియెనిమిది అని భీష్ముడే లెక్క చెప్పును. అనగా ఇచ్ఛామరణ వరము భీష్ముని యెడ మరణమును త్వరపెట్టుటకు కాక ఆపుటకు ఉపయోగపడినది. వేదనను తప్పించుకొనుటకు భీష్ముడు చావును కోరెనని చెప్పువారి వాదము ఇక్కడనే వీగిపోవును.

అయినచో రెండవ పక్షము గెలిచినదా? లేదు. అదే ఘట్టమున దుర్యోధనుడు బాణములను పెరుకుటయందు నేర్పరులైన వైద్యులను సకల పరికరములతో కొనివచ్చును. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయుమనును. క్షత్రియునకు ఉచితమైన స్థితి లభించిన పిమ్మట వైద్యముతో తనకు పని లేదని అతని మాటల సారము. ఇది చికిత్సా నిరాకరణము. స్వస్థచిత్తుడు, విషయమునంతయు ఎరిగినవాడు, నిండు సభలో చెప్పిన నిరాకరణము. దానిని ఎవ్వరును పాపమనలేదు. ఎవ్వరును బలవంతముగా బాణములను పెరుకలేదు. దాహమైనప్పుడు మాత్రము నీరు అడిగెను. తల వ్రాలినప్పుడు దిండు అడిగెను. అర్జునుడు ఆ రెంటిని అతని స్థితికి తగినట్లు సమకూర్చెను. వైద్యమును నిరాకరించినవాడు పరిచర్యను నిరాకరింపలేదు. ఈ భేదమును నేటి చర్చలలో సులభముగా మరచుచున్నాము. చికిత్సను ఆపుటయనగా రోగిని విడిచిపెట్టుట అని కొందరు భయపడుదురు. ఆపిన తరువాత తమకు ఇక పని లేదని మరికొందరు తలంతురు. అంపశయ్య చుట్టును నిలిచినవారి ప్రవర్తన ఈ రెంటికిని సమాధానము.

మూడవ అంశము మరింత ముఖ్యమైనది. యుద్ధానంతరము శ్రీకృష్ణుడు ధర్మరాజునకు ధర్మములు చెప్పుమని భీష్ముని కోరును. శరీరమంతయు మండుచున్నదని, మనస్సు నిలుచుట లేదని, మాట తడబడుచున్నదని భీష్ముడు బదులు చెప్పును. అంతట కృష్ణుడు తాపము, మూర్ఛ, ఆకలి, దప్పి అతనిని బాధింపకుండునట్లును, బుద్ధి ప్రసన్నమగునట్లును వరమిచ్చును. బాధను ఓర్చుకొనుమని కాని, ప్రాణమును విడువుమని కాని ఆయన చెప్పలేదు. బాధను తొలగించి బుద్ధిని నిలిపెను. భారతమునందలి మహత్తరమైన ఉపదేశ భాగము బాధోపశమనము జరిగిన పిదపనే వెలువడినదన్న సంగతిని మన సాహిత్య చరిత్రలు పట్టించుకొనలేదు. అంత్యదశలో ఉన్న రోగికి ఉపశమన చికిత్స దొరకని చోట ‘కోరిక’ యనునది ఎంతవరకు అతనిదో, ఎంతవరకు బాధదో నిర్ణయించుట దుస్సాధ్యము. మండుచున్న దేహముతో తాను ధర్మము చెప్పజాలనని భీష్ముడంతటివాడే అన్నప్పుడు, సామాన్యుని యెడ ఈ సందేహము మరింత బలపడును.

ఇక పరహస్తము మాట. భూరిశ్రవుడు సాత్యకిని చంపబోవు సమయమున అర్జునుడు అతని బాహువును నరికెను. భూరిశ్రవుడు యుద్ధమును విడిచి ప్రాయోపవిష్టుడయ్యెను. అతడు మరణమును నిశ్చయించుకొన్నవాడే. అయినను సాత్యకి లేచి అతని శిరస్సు ఖండించినప్పుడు ఉభయ సైన్యములును గర్హించెను. ద్రోణుడును అట్లే. పుత్రుడు మరణించెనను మాట నమ్మి ఆయుధములు విడిచి యోగనిష్ఠయందు కూర్చుండెను. ఆచార్యుని చంపవలదని అర్జునుడు కేకవేయుచుండగనే ధృష్టద్యుమ్నుడు ఆ కార్యము చేసెను. ఈ రెండు ఘట్టములందును చచ్చినవాని సంకల్పము చంపినవానికి రక్ష కాలేదు. చావనున్నవాడు కదా, నేను చేసిన దేమని సాత్యకి సమర్థించుకొనుటకు వీలున్నది. భారతము ఆ సమర్థనమును అంగీకరింపదు. అంగీకరింపకుండుట మాత్రమే కాదు, మౌసల పర్వము వరకు దానిని మరువదు. యాదవులు మధుమత్తులై కలహించుకొన్ననాడు సాత్యకి కృతవర్మను నిదురించువారిని చంపినవాడని ఎత్తిపొడిచెను. కృతవర్మ ప్రాయోపవిష్టుడగు భూరిశ్రవుని చంపినవాడవని సాత్యకిని దెప్పెను. యదుకుల క్షయమునకు నిప్పు అంటుకొన్నది ఆ మాటలవద్దనే. ముప్పదియారు సంవత్సరములు గడచినను మాయని మచ్చగా ఆ కార్యమును కథ నిలిపినది.

ఇక్కడ ఒక ఆక్షేపమునకు తావున్నది. సాత్యకి, ధృష్టద్యుమ్నులు శత్రువులు. వారి చేతిని నడపినది కోపము. కరుణతో, రోగి యాచింపగా, వైద్యుడు చేయు కార్యమును దానితో పోల్చవచ్చునా? పోల్పరాదు. నెదర్లండ్స్ వంటి దేశములు 2002లో చట్టబద్ధము చేసినది ఇట్టి యాచన మీది కార్యమునే. భారతము దీనికి నేరుగా సమాధానము చెప్పదు. కాని పై ఘట్టములు ఒక హద్దును మాత్రము గీయుచున్నవి. సంకల్పము ఒకనిది, కార్యము వేరొకనిది అయినప్పుడు కార్యమును సంకల్పము సమర్థింపజాలదు. చేసినవాడు తన మనస్సునకు తానే ఉత్తరవాది. కరుణ అను సమాధానము అతడు చూపవలసినదే గాని మనము ఊహించి ఇవ్వవలసినది కాదు.

మరణేచ్ఛలన్నియు ఒకే జాతివి కావు. ఘోషయాత్రలో గంధర్వులచే బద్ధుడై పాండవులచే విడిపింపబడిన దుర్యోధనుడు సిగ్గుచే ప్రాయోపవేశమునకు పూనుకొనెను. ఈ భాగమును పూరించిన ఎఱ్ఱనయు నెల్లూరు సీమకు దూరమైనవాడు కాడు. కర్ణ శకునులు వారించిరి. దానవులు తమ లోకమునకు రప్పించుకొని ధైర్యము చెప్పిరి. అవమానమునుండి పుట్టిన మరణేచ్ఛ నిలువదనియు, దానిని వారింపవలయుననియు కథ సూచించుచున్నది. అయితే వారించినవారి ప్రయోజనము కూడ గమనింపదగినది. దుర్యోధనుడు బ్రదుకుట దానవులకు అవసరము. ప్రాణమును నిలుపు ప్రతి చేయియు పవిత్రమైనది కాదని ఈ వ్యంగ్యము. దీనికి భిన్నముగా శాంతి పర్వారంభమున ధర్మరాజు గురువధ, బంధువధల భారముతో ప్రాయమునకు సిద్ధపడగా వ్యాసుడు వారించెను. ఆ వారణమునందు స్వార్థము లేదు. మృతులకును, ప్రజలకును చెల్లింపవలసిన ఋణము ఇంకను ఉన్నదని చెప్పుటయే ఉన్నది. ఇరువురిది మరణేచ్ఛయే. ఇరువురును ఆపబడినవారే. ఎవరు ఆపిరి, దేనికి ఆపిరి అను ప్రశ్నలు మాత్రము మిగిలినవి.

ఆశ్రమవాస పర్వమునందలి దావాగ్ని ఘట్టము వీటన్నిటికంటె క్లిష్టమైనది. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి తపస్సుచే కృశించి పరుగెత్తజాలని స్థితిలో ఉండగా కార్చిచ్చు చుట్టుముట్టెను. ధృతరాష్ట్రుడు సంజయుని తప్పించుకొని పొమ్మనెను. తాము మువ్వురు అక్కడనే కూర్చుండిరి. ఇది ఆత్మహత్యయా, అగత్యమా, అంగీకారమా? నిప్పు వారు పెట్టినది కాదు. తప్పించుకొను శక్తియు వారికి లేదు. రానున్నదానిని ఎదిరింపక అంగీకరించుట మాత్రమే వారిది. వృద్ధాప్యమున కృశించినవారు చికిత్స చాలుననుటకు ఇంతకంటె దగ్గరి పోలిక భారతమున లేదు. అయినను వార్త విన్న ధర్మరాజునకు ఈ వివేచన ఊరట కాలేదు. మంటల నడుమ తన పేరు పిలుచుచున్న తల్లిని అతడు ఊహించుకొని విలపించెను. అది వారు వేల్చిన అగ్నియేనని, మరణము వ్యర్థము కాదని నారదుడు నచ్చచెప్పవలసివచ్చెను. పోవువాని సమ్మతి ఉన్నవాని దుఃఖమును తీర్పదు. నేటి చట్టము రోగి వ్రాసిన పత్రమును, వైద్య మండలుల నిర్ణయమును అడుగును. ఇంటికి మిగిలిన ధర్మరాజుల సంగతి చట్టమున లేదు. అది కావ్యమునకు విడువబడినది.

నెల్లూరు చరిత్రలోను, ఐతిహ్యములోను ఈ విచారమునకు పదును పెట్టు రెండు వృత్తాంతములు కలవు. మొదటిది ఖడ్గ తిక్కన కథ. కాటమరాజుతో జరిగిన పోరున సేన నష్టమై తిరిగివచ్చిన ఆ వీరునికి భార్య చానమ్మ ఆడువారికి వలె మంచము చాటున పసుపుతో స్నానమునకు అమర్చినదట. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి, మనుష్యులే విరిగిన నాడు పాలు విరుగుట వింతయా అన్నదట. అతడు మరల పోయి ప్రాణములర్పించెను. లోకము దీనిని వీరమాతల, వీరపత్నుల గాథగా కొనియాడినది. కాని మన ప్రశ్నను దీనిపై నిలిపిచూచినచో పొగడ్త కొంత తగ్గును. ఇంటి ముంగిటినుండియే వెడలగొట్టబడినవాడు చేసిన ఎన్నిక ఎంతవరకు స్వచ్ఛందము? మానమను పేర ఆనాడు జరిగినది, భారమను పేర ఈనాడు జరుగుటకు వీలున్నది. ఖర్చునకు, సేవకు వెరచిన ఇంటిలో ముసలివాడు ‘నన్నింక పోనిండు’ అన్నప్పుడు ఆ మాట ఎవరిది? ఐతిహ్యము చారిత్రక ప్రమాణము కాకపోవచ్చును. ప్రశ్న మాత్రము కల్పితము కాదు.

రెండవది చరిత్ర. పొట్టి శ్రీరాములు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజన ప్రవేశమునకై నిరశన వహించెను. ఆంధ్ర రాష్ట్రమునకై 1952 అక్టోబరు 19న మదరాసున బులుసు సాంబమూర్తి గృహమున నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి అసువులు బాసెను. ఆ దీక్ష ఏబదియెనిమిది దినములు. అంపశయ్య రాత్రులతో సంఖ్య కలియుట యాదృచ్ఛికము. దానిపై అర్థవాదము కట్టుట విమర్శ కాదు. గమనింపదగినది సామ్యము కంటె భేదము. భీష్ముడు ఎవరిని ఏమియు కోరలేదు. అతని మరణము ఒకరి చేతిలో లేదు. శ్రీరాములు మరణమును కోరలేదు. రాష్ట్రమును కోరెను. ఆయన ప్రాణము నిలుచుట నిలువకుండుట ఢిల్లీ చెప్పు మాటపై ఆధారపడినది. కనుక దీక్ష స్వచ్ఛందమే అయినను ముగింపు ఒక్కని ఎన్నిక కాదు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ప్రత్యేక రాష్ట్రమును ప్రకటించెను. నడుమ నాలుగు దినములలో జరిగిన అల్లర్లలో, కాల్పులలో ప్రాణములు కోల్పోయినవారు ఏ దీక్షయు వహింపనివారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రము అవతరించినది. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టబడినది. త్యాగమును స్మరించుట మన ధర్మము. ఆ త్యాగమును అవసరము చేసిన ఆలస్యమును స్మరించుటయు ధర్మమే.

దీనికి ప్రతిగా మణిపురమున ఇరోం షర్మిల 2000 నుండి 2016 వరకు సాగించిన నిరశనమును నిలుపవచ్చును. ప్రభుత్వము ఆమెకు ముక్కుద్వారా గొట్టముతో ఆహారము ఎక్కించుచు, ఆత్మహత్యా ప్రయత్నమను నేరమును మోపుచు వచ్చినది. ఒకచోట ప్రాణము పోవువరకు కోరికను వినలేదు. ఒకచోట కోరికను వినక ప్రాణమును నిలిపిరి. రెండును వినకపోవుటయే.

ఇక 2004 డిసెంబరులో హైదరాబాదున జరిగిన ఉదంతము మన ఇంటిది. కండరముల క్షీణవ్యాధితో మంచమునబడిన చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ తన అవయవములు పనికిమాలినవి కాకమునుపే దానము చేయునట్లు మరణమునకు అనుమతి కావలెననెను. అతని తల్లి హైకోర్టును ఆశ్రయించెను. చట్టము ఒప్పదని న్యాయస్థానము నిరాకరించెను. ఆ వెంటనే అతడు మరణించెను. ఆ కథ ఆధారముగా 2022లో ‘సలామ్ వెంకీ’ అను హిందీ చలనచిత్రము వచ్చినది. ఈ కోరిక యందు వేదన కంటె దానమే ముందున్నది. భారత ప్రమాణములతో చూచినచో దీనికి సులభమైన తీర్పు లేదు. సంకల్పము నిర్మలము, బుద్ధి స్వస్థము, ఋణము తీర్చు తలంపు కూడ కలదు. కాని కార్యము పరుని చేతిది. భూరిశ్రవుని ప్రక్క నిలిచిన ఖడ్గము ఇక్కడ కరుణార్ద్రమైన చేతిలో ఉన్నది. న్యాయస్థానము ఆ చేతిని పట్టుకొన్నది. అది సరియే అని నా అభిప్రాయము. అయినను సరియైన తీర్పు ఆ యువకుని కోరికలోని ఔన్నత్యమును తగ్గింపలేదు. ధర్మరాజు దుఃఖము వలె అదియు మిగిలియే ఉన్నది.

కావున తిక్కన భారతమునుండి అనుమతి పత్రమును కాని, నిషేధాజ్ఞను కాని వెలికితీయుట తగదు. దానినుండి లభించునవి ప్రశ్నలు. కోరినది బుద్ధియా, బాధయా, సిగ్గా? బాధను తీర్చుటకు చేయదగినదంతయు చేసిరా? ఋణము మిగిలినదా? చేయి ఎవరిది? ఆపువానికి ఏమి లాభము, పంపువానికి ఏమి లాభము? వెనుక మిగులువారు ఎవరు? ఈ ప్రశ్నలన్నింటికిని నిలిచినది భీష్ముని కథ ఒక్కటియే. అట్లు నిలుచుటకు వరము మాత్రమే కారణము కాదు. వైద్యులను సత్కరించి పంపిన శాంతము, నీరు అడుగుటకు వెనుదీయని వినయము, ఎదురుచూచుటకు ఓర్పు అందు కలవు. ఈ మూడును వరములు కావు.

పరిశోధక విద్యార్థులు ఈ ఘట్టములను మూలముతో పద్యము పద్యముగా సరిపోల్చి, తిక్కన ఎక్కడ కుదించెనో, ఎక్కడ నిలిచెనో నిర్ణయింపవలసియున్నది. కవి హృదయము ఆ తేడాలలోనే తెలియును. మనుమసిద్ధి సభలో రాముని సరయూ ప్రవేశమును చెప్పక కలమును నిలిపినవాడు, హరిహరనాథుని సన్నిధిలో పాండవులను ఒక్కొక్కరిని మంచుదారిలో నేలకొరగనిచ్చెను. రాజునకు వినిపింపరానిదని విడిచినదానిని దైవమునకు నివేదించెను. మరణమును గూర్చిన మాట అధికారము ముందు చెప్పదగినది కాదనియు, చెప్పక విడువదగినది కూడ కాదనియు ఆయన ఎరిగియుండెను.